రాయితీ కార్డు వేరు, బీమా పత్రం వేరు

మన ఇళ్ళలో ఇప్పుడు కార్డులకు కొదువ లేదు. రేషను కార్డు, ఆధారు కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు కార్డు అంటూ బీరువాలో ఒక అర వీటికే కేటాయించవలసి వస్తున్నది. ఈ కట్టలోకి మరొక కార్డు వచ్చి చేరుతున్నది. దాని మీద ఒక ప్లస్ గుర్తు, చిరునవ్వుతో నిలబడిన ఒక కుటుంబం బొమ్మ, ఆరోగ్యమనీ రక్షణ అనీ అభయమనీ వినసొంపైన పేరు ఉంటాయి. ఏడాదికి రెండు మూడు వేలు కట్టి దానిని తీసుకున్నవారు, "మాకు ఆరోగ్య బీమా ఉన్నది" అని నిశ్చింతగా ఉంటారు. ఆసుపత్రి మెట్లు ఎక్కిన నాడు తేలే సంగతి ఏమిటంటే, అది బీమా కాదు. బిల్లులో కాస్త తగ్గింపు ఇప్పించే రాయితీ కార్డు.

ఈ రెండింటికీ గల తేడా చిన్నది కాదు. ఒక్క రాత్రిలో ఒక కుటుంబం పదేళ్ళ సంపాదన పోగొట్టుకోవడానికీ, నిలుపుకోవడానికీ మధ్య ఉన్నంత తేడా అది. అందువల్ల ఈ నెల మన పత్రికలో ఈ విషయాన్ని కొంచెం విపులంగా చెప్పదలచినాము.

మనకే ఈ జాగ్రత్త ఎందుకు?

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ రాయచూరు సీమలో తెలుగు కుటుంబాలు కొన్ని తరతరాలుగా ఉన్నవి. మరికొన్ని 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీరు వదిలిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఎడమ కాలువ వెంట భూములు కొని, సింధనూరు, మాన్వి ప్రాంతాలలో క్యాంపులు కట్టుకొని స్థిరపడినవి. 1956 నవంబరు 1న ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలో చేరినది. మన పిల్లలు కన్నడంలో చదువుకున్నారు, మన రేషను కార్డులు కర్ణాటక ప్రభుత్వానివి. చుట్టరికాలు మాత్రం ఇప్పటికీ సరిహద్దుకు అవతల ఉన్నవి.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. అవతలి బంధువులను అడిగితే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మాట చెబుతారు. కార్డు చూపించి గుండె ఆపరేషను చేయించుకొని వచ్చామంటారు. అది విన్న మనకు "కార్డు ఉంటే వైద్యం ఉచితం" అనే భావం మనసులో నాటుకొని ఉన్నది. కాని కర్ణాటక రేషను కార్డు గల మనకు ఆ ఆరోగ్యశ్రీ వర్తించదు. ఈ లోటు తెలిసిన అమ్మకందారు ఇంటికి వచ్చి, మన భాషలో, మన యాసలో "ఇదీ అలాంటిదేనండీ" అన్నాడంటే నమ్మబుద్ధి అవుతుంది. చేతికిచ్చే కాగితాలేమో ఇంగ్లీషులో సన్నని అక్షరాలతో ఉంటాయి. తెలుగులో చెప్పినది ఒకటి, ఇంగ్లీషులో రాసినది మరొకటి అయినప్పుడు న్యాయస్థానంలో నిలిచేది రాసినదే.

బేరం సాగే తీరు

ఒక ఇంటిని ఊహించుకుందాము. వరి కోతలు అయినవి, ధాన్యం డబ్బు చేతికి వచ్చినది. ఇంటి పెద్దకు 68 ఏళ్ళు, చక్కెర జబ్బు ఉన్నది. వచ్చినతను అరుగు మీద కూర్చొని మజ్జిగ పుచ్చుకొని అంటాడు:

"పెద్దనాన్నగారూ, ఏడాదికి 3,000 కడితే ఇంటిల్లపాదికీ వర్తిస్తుంది. వయసు అడ్డంకి లేదు. డాక్టరు పరీక్షలు అక్కరలేదు. మీ చక్కెర జబ్బు గూడా ఈ రోజు నుంచే చేరినట్టే. పెద్ద పెద్ద ఆసుపత్రులన్నీ మా పట్టీలో ఉన్నవి."

"అయితే ఇన్సూరెన్సే గదా బాబూ?"

"అంతకంటె మేలండీ. ఇన్సూరెన్సు వాళ్ళు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. మేము ఏమీ అడగము."

ఇందులో పచ్చి అబద్ధం ఎక్కడున్నదో వెతకండి. దొరకదు. వయసు అడ్డంకి లేదన్నది నిజము. పరీక్షలు అక్కరలేదన్నది నిజము. పాత జబ్బుకు గూడా వర్తిస్తుందన్నదీ నిజమే. ఎందుకంటే, ఆసుపత్రి బిల్లులో నూటికి పదో ఇరవయ్యో తగ్గించమని చెప్పేవాడికి మీ వయసుతో పని ఏమిటి? మీ చక్కెరతో పని ఏమిటి? మీ జబ్బు వల్ల అతనికి కానీ ఖర్చు లేదు. బీమా కంపెనీ అట్లా కాదు. రేపు లక్షల బిల్లు తాను చెల్లించవలసి ఉంటుంది గనుక, ఎవరిని చేర్చుకుంటున్నామో తెలుసుకోకుండా చేర్చుకోదు. ఇంట్లో పిల్లనిచ్చేవాడు వరుడి కులగోత్రాలు అడుగుతాడు గాని, దారిన పోతూ దీవించి వెళ్ళేవాడు అడుగుతాడా? ఏమీ అడగనివాడు ఏమీ ఇవ్వబోడని ఇక్కడ గుర్తుపెట్టుకోవలె. అతను మంచిగుణాలుగా ఏకరువు పెట్టినవే అది బీమా కాదనడానికి గుర్తులు.

లెక్క వేసి చూద్దాము

ఆ ఇంటి పెద్దకే గుండె నొప్పి వచ్చి, పట్నంలో ఆసుపత్రిలో చేర్చి స్టెంటు వేయించినారనుకుందాము. బిల్లు 3,00,000 రూపాయలు అయినది. అందులో గది అద్దె, డాక్టర్ల ఫీజు కలిపి 60,000. తక్కిన 2,40,000 స్టెంటు, మందులు, పరీక్షలు, ఆపరేషను సామాను. కార్డు మీద తగ్గింపు గది అద్దెకూ డాక్టరు ఫీజుకూ మాత్రమే నూటికి 20 అని సన్నని అక్షరాలలో ఉన్నది. తగ్గేది 12,000. ఇంటివారు కట్టవలసినది 2,88,000.

2025–26కు కేంద్ర ప్రభుత్వం సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధరకు 2,88,000 రూపాయలంటే 121 క్వింటాళ్ళ పైమాట, అంటే 75 కిలోల బస్తాలు 162. ఎరువులూ కూలీలూ కౌలూ పోగా మిగిలేది కాదు, కళ్ళంలోని మొత్తం ధాన్యం సంగతి చెబుతున్నాము.

అదే ఇంటికి 5 లక్షల నిజమైన ఆరోగ్య బీమా ఉండి, పాత జబ్బులకు వేచి ఉండవలసిన గడువు దాటి ఉంటే, ఆ బిల్లులో ఎక్కువ భాగాన్ని కంపెనీయే చెల్లిస్తుంది. బీమాలో చేరని చిల్లర సామాను ఖర్చు, గది అద్దెకు పరిమితి ఉంటే ఆ పైన పడే భారం, కొంత వాటా మీరు భరించాలన్న షరతు ఉంటే ఆ వాటా మాత్రం మనవి. బీమాకు ప్రీమియం ఎక్కువ, ప్రశ్నలు ఎక్కువ. కాని కష్టకాలంలో పక్కన నిలబడేది అదే.

రాయితీ కార్డు చెడ్డదని మేము అనడం లేదు. తరచుగా రక్తపరీక్షలకూ కళ్ళజోళ్ళకూ పళ్ళ డాక్టరుకూ వెళ్ళే ఇంటికి అది ఉపయోగపడవచ్చును. రాయితీ కార్డునని చెప్పి అమ్ముడుపోతే దానిలో తప్పు లేదు. బీమా వేషం వేసుకొని వచ్చినప్పుడే తప్పు. ఇంకొక మెలిక ఉన్నది. కొన్ని కార్డులకు ఒక చిన్న ప్రమాద బీమాను జోడించి, "ఇందులో ఇన్సూరెన్సు గూడా ఉన్నది చూడండి" అని ఆ పేజీ చూపిస్తారు. ప్రమాద బీమా అంటే రోడ్డు మీద దెబ్బ తగిలితేనో ప్రాణం పోతేనో ఇచ్చేది. గుండె జబ్బుకూ మూత్రపిండాల జబ్బుకూ అది పనికిరాదు.

అమెరికాలో జరిగినది

ఇది పల్లెటూరి వాళ్ళకు మాత్రమే జరిగే మోసమని ఎవరూ అనుకోవద్దు. మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలోనే ఈ వ్యాపారం ముదిరి పాకాన పడినది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రాష్ట్రాల అధికారులు కలిసి 2010 ఆగస్టులో ఇట్లాంటి వైద్య రాయితీ ప్లాన్లు అమ్మేవారి మీద యాభైకి పైగా కేసులూ చర్యలూ ప్రకటించినారు. అయినా ఆగలేదు.

ఫ్లోరిడా రాష్ట్రంలోని సింపుల్ హెల్త్ ప్లాన్స్ అనే కంపెనీ సంగతి చూడండి. బీమా కోసం వెతుకుతున్నవారిని ఫోనులో పట్టుకొని, సమగ్రమైన ఆరోగ్య బీమా ఇస్తున్నామని చెప్పి, నెలకు 500 డాలర్ల దాకా వసూలు చేసినది. ఇచ్చినది ఏమిటంటే, రోజుకు ఇంత అని కొద్దిపాటి సొమ్ము ఇచ్చే పరిమిత ప్లాన్లు, రాయితీ సభ్యత్వాలు. పదివేల సంఖ్యలో జనం తమకు బీమా ఉన్నదనుకొనే ఆసుపత్రులకు వెళ్ళి, బిల్లులు చూసి గుండెలు బాదుకున్నారు. కంపెనీ వసూలు చేసినది 10 కోట్ల డాలర్లకు పైమాట. 2018లో కమిషన్ కోర్టుకు వెళ్ళి ఆ వ్యాపారాన్ని ఆపించినది. 2024 ఫిబ్రవరిలో కంపెనీ మీదా దాని అధిపతి మీదా 19.5 కోట్ల డాలర్లకు తీర్పు వచ్చినది. తీర్పు వచ్చేసరికి ఐదేళ్ళు దాటినది. ఈలోగా ఆసుపత్రి అప్పులు ఎవరివి వారే మోసుకున్నారు.

చదువుకున్నవారు, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు పడిన గోతి ఇది. అమెరికాలో కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో వెళ్ళే మన పెద్దలు గూడా అక్కడికి తీసుకొనే ప్రయాణ బీమాలో ఇదే ప్రశ్న అడగవలె: బిల్లు ఎంతైనా పరిమితి దాకా చెల్లిస్తారా, లేక ఒక్కొక్క వైద్యానికి ఇంత అని కొద్ది సొమ్మే ఇస్తారా?

పేరు కాదు, బిల్లు చెల్లించేది ఎవరో చూడండి

మొత్తం విషయమంతా ఒక్క ప్రశ్నలో ఉన్నది: ఆసుపత్రి బిల్లు చెల్లించేది ఎవరు? పేరులో బీమా అనే మాట ఉన్నదా లేదా అన్నది ముఖ్యం కాదు. దీనికి మన రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. సహకార సంఘాల రైతుల కోసం కర్ణాటకలో యశస్విని పథకం 2003 జూన్ నుంచి అమలులోకి వచ్చినది. అప్పుడు సభ్యుడు కట్టినది ఏడాదికి 60 రూపాయలు. అది బీమా కంపెనీ పాలసీ కాదు; సభ్యుల చందాతో, ప్రభుత్వ సాయంతో ట్రస్టు నడిపిన నిధి. అయినా ఆపరేషను ఖర్చు ఆ నిధి నుంచే ఆసుపత్రికి ముట్టినది. నలుగురూ తలా కొంత వేసుకొని, ఆపద వచ్చినవాని భారం అందరూ మోయడమే బీమా ధర్మం. 2018లో ఈ పథకాన్ని ఆరోగ్య కర్ణాటకలో కలిపివేసి, 2022–23లో మళ్ళీ ప్రారంభించినారు. అప్పుడు గ్రామీణ సహకార సభ్యులకు నలుగురున్న కుటుంబానికి 500 రూపాయల చందా, ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స అని నిర్ణయించినారు. పట్టీలోని ఆసుపత్రులలో, పట్టీలోని చికిత్సలకు మాత్రమే. ఈ ఏటి చందా, చేరే గడువు మీ సొసైటీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. క్యాంపుల్లో సొసైటీ సభ్యత్వం లేని రైతు ఇల్లు అరుదు గదా.

ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక పథకం రెండవది. 2018లో వచ్చిన ఈ పథకం కింద బి.పి.ఎల్. కార్డు గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స లభిస్తుంది. ఎ.పి.ఎల్. కుటుంబాలకు ప్యాకేజీ ధరలో నూటికి 30 ప్రభుత్వం భరిస్తుంది, ఏడాదికి లక్షన్నర దాకా. అత్యవసరం కానప్పుడు ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ లేని చికిత్సకు చీటీ రాయించుకోవలె. జిల్లాలో వైద్య కళాశాల ఆసుపత్రి అయిన రిమ్స్ రాయచూరులోనే ఉన్నది. 3,000 పెట్టి కార్డు కొనే ముందు, మనకు హక్కుగా వచ్చేదేమిటో చూసుకోవడం వివేకం.

సంతకానికి ముందు చూడవలసినవి

ఇవి గాక సొంతంగా బీమా తీసుకోదలచినవారు ఈ కింది సంగతులు చూడవలె.

మొదటిది, కంపెనీ పేరు. 1938 నాటి బీమా చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేనివారు బీమా వ్యాపారం చేయరాదు. 1999లో చేసిన చట్టంతో ఏర్పడిన బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఆ రిజిస్ట్రేషను ఇస్తుంది. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. రిజిస్టరైన కంపెనీల పట్టీ ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చును. ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలుంటే వారికి ఈ పని అప్పగించండి, అయిదు నిమిషాలు పట్టదు.

రెండవది, పాలసీ. ప్రతి బీమా పాలసీకీ యు.ఐ.ఎన్. అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎంత మొత్తానికి బీమా చేసినారో "సమ్ ఇన్సూర్డ్" అని స్పష్టంగా రాసి ఉంటుంది. 2024 జనవరి నుంచి పాలసీతో పాటు ముఖ్య విషయాలను సులభమైన మాటల్లో చెప్పే ఒక వివరపత్రం ఇవ్వడం తప్పనిసరి. అడిగితే మన ప్రాంతపు భాషలో ఇవ్వవలె. కాగితంలో "మెంబర్‌షిప్", "డిస్కౌంట్" అనే మాటలే ఉండి, సమ్ ఇన్సూర్డ్ అన్న మాట లేకపోతే అది బీమా కాదు.

మూడవది, రసీదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా తీసుకొనే ఆరోగ్య బీమా ప్రీమియం మీద జి.ఎస్.టి. లేదు. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు వర్తించదు. మీ కుటుంబానికే విడిగా ఇచ్చిన ఆరోగ్య బీమా అని చెప్పి, రసీదులో సభ్యత్వ రుసుము మీద నూటికి 18 జి.ఎస్.టి. వేసి ఉంటే, ఆ రసీదే నిజం చెబుతున్నది.

నాలుగవది, వయసు, పాత జబ్బులు. వయసు మళ్ళినవారికి బీమా దొరకదని నిరాశపడి కార్డు కొనేవారున్నారు. 65 ఏళ్ళు దాటితే పాలసీ ఇవ్వనక్కరలేదన్న పాత పద్ధతిని 2024లో తొలగించినారు. అప్పటికే ఉన్న జబ్బులకు వేచి ఉండవలసిన గడువు గూడా మూడేళ్ళకు మించరాదని అదే ఏడాది నిర్ణయించినారు. ప్రీమియం ఎక్కువే ఉంటుంది, కాని తలుపులు మూసి లేవు. చక్కెర ఉంటే ఉన్నదని రాయండి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ ఆపద వేళ అక్కరకు రాదు.

అయిదవది, మనసు మారితే. బీమా పత్రం చేతికి అందిన నాటి నుంచి 30 రోజులలోగా నచ్చకపోతే తిరిగి ఇచ్చి డబ్బు తీసుకొనే హక్కు ఉన్నది. కొద్దిపాటి కోతలు ఉండవచ్చును. అందుచేత పత్రం రాగానే బీరువాలో పెట్టకుండా, ఆ 30 రోజుల్లోనే ఎవరిచేతనైనా చదివించుకోండి.

మోసపోయినవారు చేయవలసినది

నిజమైన బీమా కంపెనీతో పేచీ వస్తే ముందు కంపెనీకి రాతమూలకంగా ఫిర్యాదు చేయవలె. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చును; రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కర్ణాటకకు ఆ కార్యాలయం బెంగుళూరులో ఉన్నది. ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి 155255 నంబరుకు ఫోను చేయవచ్చును.

రాయితీ కార్డు కొన్నవారికి ఈ అంబుడ్స్‌మన్ తలుపు తెరవదు, అమ్మినది బీమా కంపెనీ కాదు గనుక. కార్డుకూ బీమాకూ గల తేడాలో ఇది గూడా ఒకటి. అయినా వారు నిస్సహాయులు కారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లేనిది ఉన్నట్టు చెప్పి అమ్మడం అన్యాయపు వ్యాపారమే. రాయచూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోగా ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. సలహాకు 1915కు ఫోను చేయండి. డబ్బు ఫోను ద్వారా పంపి మోసపోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి. బీమా అని చెప్పిన కరపత్రం, వాట్సాప్ మాటలు, రసీదు పారవేయకండి. నోటిమాటకు సాక్ష్యం అవే.

అన్నింటికంటె ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. మోసపోయినవారు నలుగురిలో నవ్వుల పాలవుతామని నోరు మెదపరు. ఆ మౌనమే అమ్మకందారుకు పెట్టుబడి. ఒక ఇంట్లో దాచిన సంగతి పక్క క్యాంపులో మరో పది కార్డులు అమ్ముడుపోవడానికి దారి అవుతుంది. నమ్మడం తప్పు కాదు, నమ్మించి మోసగించడం తప్పు.

మన సోదరీసోదరులకు మా మనవి ఇది. ఈ ఆదివారం నాడు బీరువాలోని కట్ట దించి, ఇంట్లో ఉన్న ప్రతి ఆరోగ్య కార్డునూ ఒక్కొక్కటిగా చూడండి. ఏది ప్రభుత్వ పథకం, ఏది బీమా, ఏది రాయితీ అన్నది ఒక కాగితం మీద రాసి, గడువు తేదీలు వేసి, ఇంట్లో అందరికీ తెలిసేటట్లు ఉంచండి. అర్ధరాత్రి ఆపద వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది పెద్దాయన ఒక్కరే కాదు. కోడలికీ మనుమడికీ గూడా ఏ కార్డు తీసుకొని పరుగెత్తాలో తెలిసి ఉండవలె.